పొగ తాగేవాడి వాటా ఎంత?

1988 జూన్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక జ్యూరీ చిత్రమైన లెక్క తేల్చింది. రోజ్ సిపొలోన్ అనే ఇల్లాలు పదహారో ఏట, 1942లో సిగరెట్ మొదలుపెట్టింది. నలభై ఏళ్లు తాగింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి 1984లో చనిపోయింది. ఆమె వేసిన దావాను భర్త నడిపించాడు. తప్పు ఎవరిది ఎంత అని అడిగితే ఆమెది 80 శాతం, లిగెట్ కంపెనీది 20 శాతం అన్నారు జ్యూరీవాళ్లు. సగానికి మించి తప్పు తమదే అయినవాళ్లకు అక్కడి చట్టం ప్రకారం పరిహారం రాదు. అందుకని ఆమె పేర దక్కింది సున్నా. ప్రకటనల్లో ఇచ్చిన భరోసాను కంపెనీ నిలబెట్టుకోలేదు కాబట్టి భర్తకు మాత్రం 4 లక్షల డాలర్లు ఇమ్మన్నారు. పై కోర్టులో అదీ నిలవలేదు. 1992లో సుప్రీంకోర్టు మళ్లీ విచారణకు దారి చూపినా, అప్పటికే అలిసిపోయిన ఆ కుటుంబం కేసు వదులుకుంది.

తర్వాత 27 ఏళ్లకు, 2015లో, కెనడాలోని మాంట్రియల్‌లో బ్రయన్ రియోర్డన్ అనే న్యాయమూర్తి ముందుకు అదే ప్రశ్న వచ్చింది. ఈసారి దావా వేసింది ఒకరు కాదు, క్యూబెక్ రాష్ట్రంలో సిగరెట్ వల్ల జబ్బుపడ్డ వేలాదిమంది. ప్రమాదం గురించి అందరికీ తెలిసిన రోజుల్లో, అంటే 1976 తర్వాత మొదలుపెట్టి, తెలిసీ మానకుండా తాగినవాళ్ల తప్పు 20 శాతం అన్నారాయన. మిగతా 80 కంపెనీల మెడకు చుట్టారు. కట్టాల్సిన సొమ్ము 15 వందల కోట్ల కెనడా డాలర్లు దాటింది. 2019లో పై కోర్టు ఆ తీర్పును దాదాపు మొత్తంగా సమర్థించింది.

అదే సిగరెట్టు, అదే జబ్బు, అదే 80, అదే 20. వాటాలు మాత్రం తారుమారయ్యాయి. పొగ తాగడం ఎవరి ఇష్టం వాళ్లది, ఫలితం కూడా వాళ్లదే అనే వాదన ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది అని తెలుసుకోవాలంటే ఈ రెండు తీర్పుల మధ్య ఏం జరిగిందో చూడాలి.

జరిగింది ప్రధానంగా కాగితాలు బయటపడటం. 1954 జనవరిలో అమెరికా పెద్ద కంపెనీలు చాలావరకు కలిసి నాలుగు వందలకు పైగా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేశాయి. మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం, సిగరెట్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందనడానికి రుజువు లేదు అని దాని సారాంశం. అప్పటికి బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఆ సంబంధాన్ని చూపించి నాలుగేళ్లయింది. 1963లో ఒక కంపెనీ లాయరు లోపలి నోటులో నికోటిన్ వ్యసనం కలిగిస్తుందనీ, తాము అమ్మేది దాన్నేననీ రాసుకున్నాడు. 1994 ఏప్రిల్‌లో ఏడు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు వరసగా కూర్చుని, నికోటిన్ వ్యసనం కాదని తాము నమ్ముతున్నట్టు ప్రమాణం చేసి చెప్పారు. ముప్పై ఏళ్లపాటు లోపల ఒకటి, బయట ఒకటి. 2006లో గ్లాడిస్ కెస్లర్ అనే ఫెడరల్ జడ్జి ఈ వ్యవహారమంతటినీ ముఠాల నేరాలకు వాడే చట్టం కిందికి తెచ్చి, కంపెనీలు కూడబలుక్కుని జనాన్ని మోసం చేశాయని తేల్చారు.

ఇష్టం అనే మాట కంపెనీల నోట మొదటి నుంచీ లేదు. మొదట్లో వాళ్ల వాదన హాని లేదని. హాని ఉందని 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పాక, 1966 నుంచి పెట్టెల మీద హెచ్చరిక ముద్రించాల్సి వచ్చింది. కంపెనీలకు అది దెబ్బ అనుకున్నారు అంతా. కోర్టుల్లో అదే వాళ్లకు డాలు అయింది. రాసి ఉంది కదా, చదివి కూడా కొన్నాడు కదా! హాని లేదన్న వాదన చచ్చిన చోటే ఇది ఆయన ఇష్టం అన్న వాదన పుట్టింది. ఆ పుట్టుక తెలిసినంత మాత్రాన వాదన అబద్ధమైపోదు. చెప్పినవాడు ఎలాంటివాడైనా మాటలో బలం ఉండొచ్చు. ఆ బలం ఎంతో చూద్దాం.

ఇష్టవాదులకు పెద్ద దిక్కు జాన్ స్టువర్ట్ మిల్. తన ఒంటికీ తన మనసుకూ మనిషే యజమాని, ఎదుటివాడికి హాని లేనంతవరకు సర్కారుకు అందులో పనిలేదు అని ఆయన 1859లో రాశారు. నాకు ఆ మాట మీద గౌరవం ఉంది. మన దగ్గర ఒంటి మీద పెత్తనం చెయ్యాలనుకునేవాళ్లకు కరువు లేదు. ఏం తినాలి, ఏం కట్టుకోవాలి, ఎవరిని పెళ్లాడాలి అని చెప్పేవాళ్లు ఊరికి పదిమంది. సిగరెట్ విషయంలో నీ మంచి నాకు తెలుసు అనేవాడు రేపు ఇంకో విషయంలోనూ అదే మాటతో వస్తాడు. కానీ అదే మిల్ ఇంకో సంగతి కూడా చెప్పారు. మనిషి తన ఇష్టంతో తనను బానిసగా అమ్ముకునే ఒప్పందం చెల్లదన్నారు, ఆ ఒప్పందంతో ఇష్టమే అంతమైపోతుంది కనక. నికోటిన్ బానిసత్వమా కాదా అన్న దగ్గరే అసలు తగవు మొదలవుతుంది.

పొగ తాగే జీవితంలో నిజంగా ఎంచుకునే క్షణాలు రెండే అనిపిస్తుంది నాకు. మొదటి దమ్ము లాగినప్పుడు, మానెయ్యాలని పూనుకున్నప్పుడు. మధ్యలో ఉన్న వేల సిగరెట్లు ఎంచుకున్నవి కావు. పొద్దున కాఫీ అయ్యాక చెయ్యి జేబులోకి వెళ్లడానికి నిర్ణయం అక్కర్లేదు.

ఆ మొదటి దమ్ము సంగతి చూడండి. 2019లో దేశవ్యాప్తంగా బడిపిల్లల మీద జరిగిన సర్వేలో, 13–15 ఏళ్ల వాళ్లలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. సిగరెట్ రుచి చూసినవాళ్లలో 38 శాతం మంది పదో పుట్టినరోజుకు ముందే చూశారు. పదేళ్లవాడికి సైకిల్ కొనాలన్నా నాన్నను అడగాల్సిందే. పెద్దల్లో కూడా, 2016–17 జాతీయ సర్వే ప్రకారం, మొదలుపెట్టే సగటు వయసు పంతొమ్మిదికి కాస్త తక్కువ. మన సాహిత్యంలో ధూమపానం నేర్పిన జగత్ప్రసిద్ధ గురువు గిరీశం, శిష్యుడు వెంకటేశం ఇంకా బడి గట్టెక్కని కుర్రాడు. గురజాడకు ఏ సర్వే కాగితమూ అక్కర్లేకుండానే ఆ సంగతి తెలుసు.

పిల్లలైనా ప్రమాదం తెలిసే మొదలుపెడతారని అమెరికా ఆర్థికవేత్త కిప్ విస్కుసీ వాదించారు. తాగేవాళ్లను లెక్కగట్టమంటే క్యాన్సర్ ప్రమాదాన్ని ఉన్నదానికంటే ఎక్కువే చెబుతారని ఆయన సర్వేల్లో తేలింది. దానికి పాల్ స్లోవిక్ అనే మనస్తత్వవేత్త ఇచ్చిన జవాబు నాకు బలంగా తోస్తుంది. సిగరెట్ ప్రమాదం కుర్రాడికి తెలుసు. ఈ ఒక్క సిగరెట్ ప్రమాదం కాదనీ, ఎప్పుడంటే అప్పుడు మానెయ్యగలననీ కూడా అతనికి అంతే గట్టి నమ్మకం. మొదటిది తెలిసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, ఎందుకంటే వ్యసనం అంటే ఏమిటో దిగితే తప్ప తెలియదు.

రెండో క్షణం దగ్గర కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. అదే 2016–17 సర్వేలో దేశంలో పొగ తాగేవాళ్లలో 55 శాతం మంది మానాలనుకుంటున్నామనో, ఆ ఆలోచన చేస్తున్నామనో చెప్పారు. సగానికి పైగా జనం తప్పించుకోవాలని చూస్తున్న పనిని వాళ్ల ఇష్టం అనడానికి నాకైతే నోరు రాదు. ఏ సాయమూ లేకుండా మానినవాళ్లలో ఆరు నెలలో ఏడాదో నిలిచేవాళ్లు వందకు ముగ్గురు నుంచి ఐదుగురని అధ్యయనాలు చెబుతాయి.

అయితే ఇక్కడ ధూమపాన వ్యతిరేకుల్లో ఒక అతి ఉంది. పాపం వ్యసనపరుడు, వాడి చేతిలో ఏముంది, అంతా కంపెనీల మాయ అంటారు. వందకు ఐదుగురే అయినా, ఒకసారి ఓడి మళ్లీ పూనుకుని, నాలుగోసారో ఐదోసారో మానేసినవాళ్లు లోకంలో కోట్లమంది. వాళ్ల పట్టుదలను కంపెనీల ఖాతాలోనో సర్కారు ఖాతాలోనో వేయలేం. డాల్ బృందం బ్రిటిష్ డాక్టర్లను 1951 నుంచి 50 ఏళ్లు వెంబడించి చూసిన లెక్క ప్రకారం, జీవితాంతం తాగినవాడు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటాడు. ముప్పైలో మానితే ఆ పదీ దాదాపు మొత్తం తిరిగొస్తాయి. నలభైలో మానితే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో కూడా మూడు. బాధ్యత అనే మాటకు నిజమైన పని ఇక్కడ ఉంది. నువ్వే తెచ్చుకున్నావు అని ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అనడం వెనక్కి చూసే బాధ్యత. రేపు ఏం చేస్తావు అని అడగడం ముందుకు చూసేది. మొదటిది ఎవరికీ అక్కరకు రాదు. రెండోదాన్ని మన చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ అడగరు, డాక్టర్లు కూడా చాలావరకు చీటీ చివర స్మోకింగ్ మానాలి అని ఒక ముక్క గీకి ఊరుకుంటారు.

ఇంతవరకు చెప్పింది సిగరెట్ కథ. మన దేశంలో సిగరెట్ చిన్న తమ్ముడే, పెద్దన్న బీడీ. అదే 2016–17 సర్వే ప్రకారం పెద్దవాళ్లలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. ఆకు చుట్టిందే కదా, కాగితం కంటే నయం అన్న నమ్మకం పల్లెల్లో ఇప్పటికీ వింటాం. 2008లో ప్రభాత్ ఝా బృందం వేసిన లెక్కలో బీడీ తాగే మగవాళ్లకు ఆరేళ్లు, ఆడవాళ్లకు ఎనిమిదేళ్లు ఆయుష్షు తగ్గింది. సిగరెట్ తాగే మగవాళ్లకు పదేళ్లు.

చుట్టకొచ్చేసరికి, కంపెనీలే మోసం చేశాయి అన్న వాదన ఉన్నట్టుండి చప్పబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరం వెంట అడ్డపొగ అనే అలవాటు ఉంది. చుట్ట ముట్టించి, నిప్పు ఉన్న కొసను నోట్లోకి పెట్టుకుని పొగ పీలుస్తారు. ఆడవాళ్లలోనే ఎక్కువ. పెదవులు మూసి ఉంటాయి, బూడిద నాలుక మీదే పడుతుంది, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పోయే మనిషికి, గాలిలో చుట్ట ఆరిపోకుండా ఉండాలన్నా ఇదే వీలు. ఆ వేడికి అంగిలి తెల్లబారి, చిన్న చిన్న ఎర్రటి చుక్కలు తేలి, కొందరికి పుండుపడుతుంది. నోటి క్యాన్సర్ లోకంలో సాధారణంగా నాలుకకో బుగ్గకో వస్తే, ఇక్కడ అంగిలికి రావడం చూసి విశాఖ డాక్టర్లు ఆశ్చర్యపడ్డారు. 1960ల నుంచి బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఈ ఊళ్లు తిరిగి రాసిన వ్యాసాలు ప్రపంచ దంతవైద్య గ్రంథాలకెక్కాయి.

ఈ చుట్టకు బ్రాండు లేదు. ప్రకటన లేదు, హీరో లేడు, పెట్టె లేదు, పెట్టె మీద హెచ్చరికా లేదు. తల్లిని చూసి కూతురు నేర్చుకుంది, పొరుగామె పంటినొప్పికి మంచిదంది. ఇందులో దోషి ఎవరు? ఏ కోర్టులోనూ నిలబెట్టడానికి ప్రతివాది దొరకడు. అలాగని ఇది ఆవిడ ఇష్టం అనడమూ కుదరదు, ఎందుకంటే ఎంచుకోవడానికి ఇంకోటి ఉందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. 1970ల చివర్లో టాటా పరిశోధకులు ఎర్నాకుళం, భావనగర్‌తో పాటు శ్రీకాకుళంలో కూడా వేలమంది పొగాకు వాడేవాళ్లను ఎంచుకుని, ఇంటింటికీ వెళ్లి మాట్లాడటం, సినిమా వేసి చూపించడం, వాళ్ల నోరు వాళ్లకే చూపించి వివరించడం చేశారు. ఎవరినీ తిట్టలేదు, జరిమానా వేయలేదు. మానినవాళ్ల సంఖ్య పెరిగింది. అంగిలి మీద మచ్చలు తగ్గాయి. వ్యక్తి బాధ్యత గురించి నేను చదివిన తాత్విక గ్రంథాలన్నిటికంటే ఈ ప్రయోగం నాకు ఎక్కువ నేర్పింది. తెలిసేలా చెప్పాకే బాధ్యత మొదలవుతుంది; చెప్పేదాకా అది చెప్పవలసినవాడి మెడ మీదే ఉంటుంది.

చెప్పడంలో మన సర్కారు చేసిన ఆలస్యం తక్కువేమీ కాదు. 1975 నాటి చట్టం సిగరెట్ పెట్టె మీద హానికరమన్న ఒక్క వాక్యం వేయమంది. బీడీ, చుట్ట, నమిలే పొగాకు దాని లెక్కలోకే రాలేదు. అంటే చదువుకున్నవాడికి చిన్న అక్షరాల ఇంగ్లిష్ ముక్క, చదువు రానివాడికి అదీ లేదు. 2003లో సమగ్ర చట్టం వచ్చాక కూడా బొమ్మలు రావడానికి 2009 దాకా పట్టింది. అప్పుడు నమిలే పొగాకు పొట్లాల మీద వేసిన బొమ్మ తేలు. క్యాన్సర్ అంటే తేలు అని అర్థం చేసుకోవాలట! తేలు మార్కు జర్దా అని ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్లది కాదు. 2016 ఏప్రిల్ నుంచి పెట్టెలో 85 శాతం భాగం ఆక్రమించేలా పుండుపడిన గొంతు బొమ్మలు వచ్చాయి. వాటిని కర్ణాటక హైకోర్టు కొట్టేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపింది.

ఎదుటివాడి ముక్కులోకి వెళ్లే పొగ సంగతిలో తగవు ఎక్కువ లేదు. మిల్ కూడా ఇక్కడ సర్కారు పక్షమే. 1981లో జపాన్ పరిశోధకుడు తకేషి హిరాయామా, బాగా పొగ తాగే భర్తలున్న ఇల్లాళ్లకు, తాము తాగకపోయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ వస్తోందని చూపించారు. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధిస్తూ పొగ తాగనివాడి జీవించే హక్కును ఆధారం చేసుకుంది. 2001లో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు అదే దారి పట్టింది. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతా నిబంధనలు గట్టిగా అమల్లోకి వచ్చాయి, జరిమానా 200 రూపాయల దాకా. బస్సుల్లో, సినిమా హాళ్లలో తేడా నిజంగానే కనిపించింది. మా తరంవాళ్లు ఆర్టీసీ బస్సులో ముందు సీటు వాడి చుట్ట కంపు భరిస్తూ ఊళ్లకు ఊళ్లు తిరిగినవాళ్లం. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

చట్టం గడప దగ్గర ఆగిపోతుంది. ఇళ్లలో ఎదుటివాళ్ల పొగ పీల్చేవాళ్లు 2016–17 సర్వే నాటికి 38.7 శాతం. రెండు గదుల ఇంట్లో మంచం మీద కూర్చుని బీడీ వెలిగించే ఇంటిపెద్దను లేచి బయటికి పొమ్మనే ధైర్యం కోడలికి ఉండదు, మనవడికి అసలు ఉండదు. నా ఇష్టం అనే మాట పూర్తి అబద్ధమయ్యే చోటు ఏదైనా ఉందంటే ఈ గదే. ఇక్కడ పోలీసు రాలేడు, రాకూడదు కూడా. ఇది అచ్చంగా తాగేవాడి వాటా, ఇందులో కంపెనీకి 80 పంచడానికి నేను ఒప్పుకోను.

డబ్బు లెక్కతో చేసే వాదన ఇంకోటుంది. తాగేది వాడు, ఆసుపత్రి ఖర్చు మనది అని. 2017–18లో పొగాకు జబ్బుల వల్ల దేశానికి పడ్డ భారం, చికిత్సా పోయిన పనిరోజులూ అకాల మరణాలూ కలిపి, 1,77,341 కోట్ల రూపాయలని ఒక అధ్యయనం లెక్కగట్టింది. దేశీయోత్పత్తిలో ఒక శాతం పైమాటే. అంకె పెద్దదే, కానీ వాదనలో ఒక గొయ్యి ఉంది. 2001లో ఫిలిప్ మోరిస్ కంపెనీ చెక్ రిపబ్లిక్ కోసం ఒక నివేదిక రాయించింది. పొగ తాగేవాళ్లు తొందరగా చనిపోవడం వల్ల పింఛన్లు, వృద్ధుల వైద్యం ఖర్చు తప్పి ప్రభుత్వానికి లాభమే మిగులుతోందని అందులో తేల్చారు. లోకమంతా ఛీ కొడితే కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. ఆ కూడికలు తీసివేతలు తప్పని కాదు జనం ఛీ కొట్టింది. మనిషి బతుకును ఖజానా లాభనష్టాలతో కొలిచే ఆట మొదలుపెడితే చివరికి ఎక్కడికి చేరతామో ఆ నివేదిక చూపించింది. నేరం చేసినట్టు పొగ తాగేవాడి దగ్గర వైద్యం ఖర్చు వసూలు చెయ్యాలనేవాళ్లు కూడా అదే ఆట ఆడుతున్నారు. ఆరోగ్యశ్రీ కార్డుతో క్యాన్సర్ వార్డుకు వచ్చినవాడిని చుట్ట తాగావా అని అడిగి వెనక్కి పంపకపోవడం మన వ్యవస్థలో ఉన్న కొద్దిపాటి నాగరికతల్లో ఒకటి.

సర్కారు తన వాటా గురించి మాట్లాడదు. ఎల్ఐసీ టర్మ్ పాలసీ తీసుకోబోతే పొగ తాగేవాడికి ఒక ప్రీమియం, తాగనివాడికి ఒకటి. తాగనని చెబితే మూత్రపరీక్షలో నికోటిన్ జాడ చూస్తారు. సబబే. అదే ఎల్ఐసీకి దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో 15 శాతం దాకా వాటా ఉంది. ఆరోగ్య శాఖ పెట్టె మీద పుండు బొమ్మ వేయిస్తుంది. వాణిజ్య శాఖ కింద ఉన్న పొగాకు బోర్డు, గుంటూరు ప్రధాన కార్యాలయంగా, ఏ రైతు ఎన్ని కిలోలు పండించాలో అనుమతిస్తూ దగ్గరుండి అమ్మిస్తుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో బేళ్లు వరసలుగా పేర్చి ఉంటాయి. ప్రతి బేలు మీదా గ్రేడు, బరువు రాసిన చీటీ. కొనేవాళ్లు వరస వెంట నడుస్తూ ఆకు చేతిలోకి తీసుకుని రంగు, జిగురు చూసి ధర చెబుతారు. ఎవరూ చెప్పకపోతే నోబిడ్. నోబిడ్ అయిన బేలును మళ్లీ ట్రాక్టరెక్కించి ఇంటికి తీసుకెళ్లే రైతును, ఇది ఇష్టపడి చేస్తున్నావా అని అడిగి చూడండి. ఆకు కాల్చే బ్యారన్ మీద అప్పు, కౌలు, కట్టెల ఖర్చు అన్నీ చెబుతాడు. వానాధారపు నేలల్లో ఇంత నిలకడగా డబ్బిచ్చే ఇంకో పంట చూపించమంటాడు. బోర్డు వేలంలోకి రాని బర్లీ రకం పొగాకు రైతుల గతి ఇంకా అన్యాయం. 2025లో కంపెనీలు కొనకుండా మొహం చాటేస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే మార్క్‌ఫెడ్‌ను దింపి ప్రజల సొమ్ముతో పొగాకు కొనాల్సి వచ్చింది.

ఉత్తర తెలంగాణలో ఇదే బొమ్మకు రెండో వైపు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటారు. తునికాకును తడిపి, కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, వేళ్లతో చుట్టి, కొస మడిచి, దారం కడతారు. కూలి వెయ్యికి ఇంత అని. ఆ దుమ్ము రోజంతా ముక్కులోకి పోతుంది, పక్కనే ఊయలలో పసిబిడ్డ ఉంటుంది. వీళ్లలో పొగ తాగేవాళ్లు అరుదు. మొగుడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే, ఇక్కడ ఇంటి ఖర్చు ఈ చాట మీద గడుస్తుంది. అందుకే తెలంగాణ ప్రభుత్వం వీళ్లకు జీవన భృతి ఇస్తోంది, 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. అందుకే పుర్రె బొమ్మ వేస్తామన్నప్పుడల్లా బీడీ పరిశ్రమ వీళ్లను ముందు నిలబెట్టి గొడవ చేస్తుంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్‌ను 40 శాతం శ్లాబులో పెట్టాలని నిర్ణయించి, బీడీని మాత్రం 28 నుంచి 18కి దించాలంది. కూలివాళ్లను కాపాడే పేరుతో కూలివాళ్లే ఎక్కువగా తాగేదాన్ని చవక చేయడం ఎలాంటి న్యాయమో నాకు అర్థం కాలేదు. 2004లో మన దేశం ధ్రువీకరించిన ప్రపంచ పొగాకు ఒప్పందంలో, 17వ అధికరణం రైతులకూ కార్మికులకూ వేరే బతుకుతెరువు చూపించాలంటుంది. ఇరవై ఏళ్లలో ఆ అధికరణం మీద జరిగిన పని, బొమ్మల మీద జరిగిన వాదులాటలో పదో వంతు లేదు.

పూర్తిగా నిషేధిస్తే పీడా పోతుంది కదా అనేవాళ్లకు భూటాన్ జవాబు. 2004లో అమ్మకాలు నిషేధించి, 2010లో కఠిన చట్టం తెచ్చారు. 2011లో నమిలే పొగాకుతో దొరికిన ఒక యువ భిక్షువుకు మూడేళ్ల జైలు పడింది. దొంగ రవాణా ఆగలేదు. చివరికి కోవిడ్ కాలంలో సరిహద్దు దాటే స్మగ్లర్లతో జబ్బు వస్తుందని భయపడి, 2021లో అమ్మకాలకు మళ్లీ తలుపు తీశారు. మన దగ్గర 2019లో ఈ-సిగరెట్లను నిషేధిస్తే అవి హైదరాబాద్ కాలేజీ పిల్లల జేబుల్లోనే తిరుగుతున్నాయి. న్యూజిలాండ్ ఇంకో దారి పట్టింది. ఫలానా ఏడాది తర్వాత పుట్టినవాళ్లకు జీవితాంతం అమ్మకూడదని 2022లో చట్టం చేసింది, ప్రభుత్వం మారగానే 2024లో రద్దు చేసుకుంది. మాల్దీవుల్లో 2025 నవంబరు నుంచి అలాంటి చట్టమే అమల్లోకి వచ్చింది. 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాడికి అక్కడ సిగరెట్ అమ్మరు. అలవాటైనవాణ్ని వదిలేసి, అలవాటు కానివాణ్ని ఆపడం అనే ఆలోచన నాకు నచ్చింది. అయితే నలభై ఏళ్లవాడు కొనగలిగేదాన్ని ముప్పై తొమ్మిదేళ్లవాడు కొనకూడదనడం అక్కడ ఎలా నిలుస్తుందో ఇంకా చూడాలి. తాగేవాడిని జైల్లో పెట్టే చట్టం కంటే అమ్మేవాడి చెయ్యి పట్టుకునే చట్టం మేలు, అంతవరకు మాత్రం తేలిపోయింది.

అలా చూస్తే మన చట్టంలోనే కావలసినంత ఉంది. బడికీ కాలేజీకీ వంద గజాల లోపు అమ్మకూడదు, 18 ఏళ్ల లోపువారికి అమ్మకూడదు. ఏ జూనియర్ కాలేజీ ముందైనా నిలబడి చూడండి. కిళ్లీ కొట్టు పక్క బద్దకో తాడుకో వేలాడుతూ ఒక లైటరు, అటు చాక్లెట్ డబ్బాలు, ఇటు సగం తెరిచిన సిగరెట్ పెట్టె. పిల్లలు పెట్టె కొనరు, కొనేంత డబ్బుండదు. ఒకటో రెండో విడిగా తీసుకుని, ఇద్దరు పంచుకుని, నోట్లో సోంపు వేసుకుని క్లాసుకు పోతారు. కొట్టువాడు వయసు అడగడు. అడిగితే పక్క కొట్టుకు పోతారని అతని భయం. కర్ణాటక ప్రభుత్వం విడి అమ్మకాలను ఆపి, కొనే వయసును 21కి పెంచుతూ చట్టం చేసుకుంది. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో హుక్కా కేంద్రాలను మూయించింది, కాలేజీ ముందు విడి సిగరెట్ జోలికి మాత్రం గట్టిగా పోలేదు.

పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం ఒక ఉచిత ఫోన్ నంబరు నడుపుతోంది, 1800-11-2356. 2018 నుంచి ప్రతి పెట్టె మీదా, హెచ్చరిక బొమ్మ కింద అది ముద్రించి ఉంటుంది. విడి సిగరెట్ కొనుక్కునేవాడికి ఆ పెట్టె చేతికి రాదు, కొట్టువాడి బల్ల మీదే ఉంటుంది.